పిచ్చుక పెట్టిన పేర్లు

ఫిబ్రవరి 8

మరదలికి,

క్షేమంగా చేరాం. రైల్లో పిచ్చుక కిటికీ పక్కన కూర్చుని, నువ్వు కట్టిచ్చిన పొట్లంలో సగం తను తిని, సగం ఎదురు సీటు ముసలాయనకి పెట్టింది. దిగేటప్పుడు ఆయన దాని తల నిమిరి వెళ్ళాడు. స్టేషన్లో నిన్ను వదిలి వస్తున్నప్పుడు ఏడ్చిందే, ఆ తర్వాత మళ్ళీ ఏడవలేదు.

ఇల్లు చిన్నదే. రెండు గదులు, వంటిల్లు. గోడలకి ఇంకా సున్నం వాసన పోలేదు. వంటింటి తలుపు తీస్తే వెనక కాస్త పెరడుంది. లిఫ్టు పెట్టెలు నాలుగైదు పక్కపక్కన పెడితే ఎంతో, అంత. నాకు కొలతలు అలాగే వస్తాయి, నవ్వుకో. ఇప్పటికి అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఈ కొండల చలికి బిగుసుకుపోయిన మట్టి, పగిలిన కుండీ, బట్టలారేసే తీగ. మీ అక్క ఉంటే "ఇంత మట్టి ఉంది, ఇంకేం కావాలి" అనేది.

కొత్త కంపెనీలో పని బాగానే ఉంది. ఊళ్ళో పాత లిఫ్టులన్నీ నేను వస్తానని తెలిసి ఒకేసారి ఆగిపోయినట్టున్నాయి.

ఒక మాట, ఏమీ అనుకోవద్దు. నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు అది నవ్వుతూనే మాట్లాడింది కదా. ఫోన్ పెట్టేశాక చెప్పులు వేసుకుని, వీధి తలుపు దగ్గర నిలబడి, "పద నాన్నా, వెళ్దాం" అంది. ఎంత చెప్పినా కదల్లేదు. నిలబడే తూగింది. నిద్రపోయాక గానీ చెప్పులు విప్పలేకపోయాను. కొన్నాళ్ళు ఫోన్లు మానేసి ఉత్తరాలు రాసుకుందామా? అది కాస్త కుదురుకునేదాకానే.

తోడల్లుడికి నా నమస్కారాలు.

మీ బావ

---

ఫిబ్రవరి 17

బావగారికి,

ఉత్తరం అందింది. మీ తోడల్లుడు ఒకసారి చదివి, "బాగానే ఉన్నారుగా" అని లారీ ఎక్కి వెళ్ళిపోయారు. నేను మాత్రం దుకాణానికి కూడా పట్టుకెళ్ళి, కళ్ళద్దాలు అరగదీసే మిషను పక్కన పెట్టుకుని చదువుకున్నాను.

ఫోన్ వద్దన్నారు. సరే. మీ కూతురు, మీ ఇష్టం. కోపంతో అన్న మాట కాదిది. రాశాక చదివితే కోపంగానే కనిపిస్తోంది గానీ, కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేస్తున్నాను.

మీకు తెలియనివి కొన్ని రాస్తున్నాను. విసుక్కోకండి. తలంటిన రోజు చెవుల్లో తడి ఉండకూడదు. జడ వేస్తున్నంతసేపూ కథ చెప్పాలి. కథ ఆగితే జడ విప్పేస్తుంది. భయమేస్తే చెప్పదు, దానికి ఎక్కిళ్ళు వస్తాయి. నీళ్ళు తాగిస్తే తగ్గవు, దగ్గరికి తీసుకోవాలి. కొత్తది ఏదైనా పెడితే ముందు మీ మొహం చూస్తుంది. మీరు బాగుందంటే చాలు, నచ్చకపోయినా తినేస్తుంది. మంచి అలవాటని మురిసిపోకండి.

ఇవన్నీ నాకు పుట్టుకతో వచ్చినవి కావు. అక్కకి ఆ జబ్బు బయటపడ్డప్పుడు అది ఇంకా పాలు తాగే పిల్ల. మీరు ఆసుపత్రి వరండాలో పడుకుంటే నేను దీన్ని పక్కలో వేసుకుని పడుకున్నాను. ఒక్కొక్కటే నేర్చుకున్నాను.

ఇక్కడ ఇల్లు శుభ్రంగా ఉంది. ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడే ఉంటోంది. ఇంత శుభ్రం నేనెప్పుడూ చూడలేదు.

పెరట్లో ఏమైనా మొలిస్తే రాయండి. దానికి మట్టంటే ఇష్టం.

మీ మరదలు

---

మార్చి 3

మరదలికి,

మొలిచాయి! పోయిన వారం ఒక పొద్దున్న పిచ్చుక వంటింటి తలుపు తీసి, "నాన్నా, ఎవరో వచ్చారు" అంది. ఇంటి ఓనరేమో అనుకుని చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళాను. ఎవరూ లేరు. మట్టిని పొడుచుకుని ఒక తెల్ల మొగ్గ బయటికి వచ్చింది. వేలెడంత కాడ, తల కిందికి వేలాడేసుకుని నిలబడింది. పిచ్చుక దాని ముందు గొంతుక్కూర్చుని, "ఎవరో తిట్టారు దీన్ని" అంది. అందుకని దాని పేరు తిట్లుతిన్న పువ్వు.

అప్పట్నించి రోజుకొకటి. చొక్కా గుండీ అంత నీలం పువ్వులు గడ్డినిండా వచ్చాయి. అవి గుండీపూలు. ఆకుల కింద నక్కి ఉండే ఊదారంగు పువ్వొకటుంది, దాని పేరు దాగుడుమూత. తాకితే చురుక్కుమనే ఆకు పేరు కొరికేది. నాకు చెయ్యి కొరికిందనుకో, అది వేరే సంగతి.

పక్కింట్లో ఒక నర్సు ఉంటుంది. బడి వదిలాక నేను పనినుంచి వచ్చేదాకా పిచ్చుక ఆవిడ దగ్గరే. మొక్కలంటే ప్రాణం ఆవిడకి. అన్నిటికీ అసలు పేర్లు చెబుతుంది గానీ నా బుర్రలో నిలవవు. రోజూ సాయంత్రం ముగ్గురం పెరడంతా తిరిగి, కొత్తగా ఏం వచ్చిందో చూసి గానీ లోపలికి రాం.

ఎవరు నాటారో, గాలికే వచ్చాయో తెలియదు. ఎవరి పెంపకమూ లేకుండా ఎంత చక్కగా వచ్చాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంది. ఒక్కోసారి ఎవరూ చెయ్యి పెట్టకపోవడమే మేలని నర్సు అంటుంది.

నిద్ర బాగా పడుతోంది దానికి. అన్నం పేచీ లేదు. ఈ పూలన్నీ పిన్నికి చెప్పమంది.

మీ బావ

---

మార్చి 11

బావగారికి,

పూల సంగతి చదివాను. సంతోషం.

ఎవరి పెంపకమూ లేకుండా చక్కగా వచ్చాయని రాశారు. ఎవరూ చెయ్యి పెట్టకపోవడమే మేలన్నారు. మొక్కల గురించే రాశారని అనుకోవడానికి చాలా ప్రయత్నించాను. మీరేమో ఎప్పుడూ ఏదీ సూటిగా చెప్పే మనిషి కాదు. ఇన్నేళ్ళు నేను చెయ్యి పెట్టి దాన్ని పాడుచేశానని మీ ఉద్దేశమైతే ఆ మాటే రాయండి.

ముగ్గురూ సాయంత్రాలు పెరట్లో తిరుగుతున్నారు. తిరగండి. వద్దనడానికి నేనెవర్ని? అక్క పోయి ఇంకా ఏడాది కాలేదని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఇంకొకటి. "పిన్నికి చెప్పమంది" అని రాశారు. అది నన్ను ఏనాడూ పిన్ని అనలేదు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అమ్మా అనే పిలిచింది. ఆ పిలుపు దానంతట అది మార్చుకుందా, మీరు మార్పించారా? నాకు తెలియాలి.

నిన్న దుకాణానికి ఒకావిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, "అయ్యో, నేనింత ముసలిదాన్నయ్యానా" అని తీసి బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఆవిడ బాధ నాకర్థమైంది.

మీ మరదలు

---

మార్చి 20

మరదలికి,

నీ ఉత్తరం అందింది.

ముందు తేలికైన సంగతి. పక్కింటి నర్సమ్మ రిటైరై ఏళ్ళు గడిచాయి. ఆవిడ పెద్ద మనవడికి మీసాలొచ్చాయి. మోకాళ్ళ నొప్పికి కర్ర పట్టుకుని తిరుగుతుంది, ఆ కర్రతోనే నాకు మొక్కలు చూపిస్తుంది. నీ అనుమానం తీరిందనుకుంటాను.

మొక్కల గురించి మొక్కల గురించే రాశాను. నాకు రెండర్థాలు పెట్టి రాసే తెలివి ఉంటే లిఫ్టులు బాగుచేసుకుంటూ ఎందుకుంటాను?

ఇక పిలుపు సంగతి. మార్పించింది నేనే. ఎందుకో చెబుతాను, విను. ఇక్కడికి వచ్చిన వారానికి గోడకి మీ అక్క ఫోటో తగిలించాను. నర్సమ్మ మొదటిసారి లోపలికి వచ్చి, "ఎవరమ్మా ఈవిడ?" అని పిచ్చుకని అడిగింది. అది చేతులు వెనక్కి కట్టుకుని, "ఈవిడ మా నాన్న వాళ్ళావిడ, చచ్చిపోయింది" అని చెప్పింది. పక్కింటివాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పింది.

మీ అక్కది అంటూ ఈ లోకంలో మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. దాని నోట్లో కూడా మీ అక్క నా పెళ్ళాంగానే మిగిలిపోతే నేను భరించలేను. అందుకని ఫోటో చూపించి ఈవిడ అమ్మ, అక్కడున్నది పిన్ని అని నేర్పాను. నీకు అన్యాయం చేస్తున్నానని తెలుసు. మీ అక్కకి చేయడం కంటే నీకు చేయడం నయమనిపించింది. నువ్వు కోప్పడగలవు, ఆవిడ కోప్పడలేదు.

గోడవారన ఉల్లికాడలు వరసగా లేచాయి. ఈ పెరట్లో నాకు పేరు తెలిసిన మొక్క ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది! నర్సమ్మ కూతురి పురుడికని వెళ్ళింది, ఆవిడ వచ్చేలోగా కోసి వండి, నాకూ కొంత తెలుసని చూపించాలి.

మీ బావ

---

మార్చి 29

బావగారికి,

మీసాలొచ్చిన మనవడి దగ్గర నవ్వాను. ఆ తర్వాతది వంటింట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని చదివాను.

మీరు చేసింది న్యాయమే. ఆ మాట రాయడానికి నాకిన్ని రోజులు పట్టింది. కానీ బావగారూ, ఆ పిలుపు నేను లాక్కున్నది కాదు. మొదటిసారి అది నన్ను అమ్మా అన్న రోజు నాకు దొంగతనం చేసినట్టనిపించింది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి పరుగెత్తి అక్కకి చెప్పేశాను. "ఇకనుంచి పిన్ని అనిపిస్తానే" అన్నాను. అక్క నవ్వింది. "పిలవనీవే. పిలిస్తే ఎవరో ఒకరు పలకాలిగా" అంది. ఆ తర్వాత నేను పలుకుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఏ పిల్ల వీధిలో అమ్మా అన్నా నా తల అటు తిరిగిపోతోంది. పలకబోయి ఊరుకుంటున్నాను.

దానికో గౌను కుట్టాను. పొడుగు పెరిగి ఉంటుందని అంచులో గుడ్డ మడిచి వదిలాను. మీ తోడల్లుడి లారీ అటువైపు వచ్చే నెలలో వస్తుంది, ఆయన చేత పంపుతాను.

ఉల్లికాడలు సన్నగా తరిగి, ఆమ్లెట్లో వేసి పెట్టండి. పెద్ద ముక్కలుంటే ఏరి పక్కన పెడుతుంది. సన్నగా ఉంటే తెలియకుండా తినేస్తుంది.

మీ మరదలు

---

ఏప్రిల్ 7

మరదలికి,

ఉత్తరం అందింది. పనిలో తీరిక లేక ఆలస్యమైంది.

ఇక్కడ మేం బాగున్నాం. మధ్యలో ఇద్దరికీ కాస్త కడుపులో బాగా లేకపోయింది, తగ్గిపోయింది. ఇప్పుడు అన్నం మామూలుగా తింటోంది.

గోడవారన పసుపు పూలు పూశాయి. చాలా పెద్దవి. దారిన పోయేవాళ్ళు ఆగి బాగున్నాయంటున్నారు. నేను అటువైపు వెళ్ళడం లేదు.

మీ బావ

---

ఏప్రిల్ 18

బావగారికి,

మీ తోడల్లుడు నిన్న తిరిగి వచ్చారు. గౌను సరిపోయిందన్నారు. పిచ్చుక గౌను వేసుకుని ఆయన ఒళ్ళో ఎక్కి, "నాకు చేతికి సూది గుచ్చి సీసా నీళ్ళు ఎక్కించారు, నేను ఏడవలేదు, నాన్నే ఏడ్చాడు" అని చెప్పిందట. "నాన్న చేసిన ఆమ్లెట్ తిని ఇద్దరం కక్కాం" అని కూడా చెప్పిందట. మీరు పక్కనే నిలబడి కిటికీ బయటికి చూస్తున్నారట.

"కాస్త కడుపులో బాగా లేకపోయింది." ఇదా మీరు నాకు రాసింది?

అది చేదుగా ఉందని అనలేదా? అనే ఉంటుంది. మీ మొహం చూసి ఉంటుంది. మీరు బాగుంది తినమ్మా అని ఉంటారు. మొదటి ఉత్తరంలోనే రాశాను కదండీ! ఉల్లికాడో కాదో నలిపి వాసన చూస్తే తెలియదా? సన్నగా తరగమని చెప్పింది నేను. దాన్ని అంత సన్నగా తరిగి, ఏరుకునే వీలు కూడా లేకుండా పెట్టించింది నేను. నిన్నటినుంచి నా చేతులు చూసుకోలేకపోతున్నాను.

ఇన్నాళ్ళూ ఒక మాట మీకు చెప్పకూడదని దాచుకున్నాను. ఇక దాచను. అక్క పోవడానికి ముందు, మీరు మందులకి వెళ్ళినప్పుడు, నా చెయ్యి పట్టుకుని అంది: "దాన్ని నీ దగ్గరే ఉంచుకో. మీ బావకి లిఫ్టులకి నూనె వేయడం తప్ప ఏమీ రాదు. ఆయన దగ్గర అది బతకదు." నేను మాటిచ్చాను. మీరు వచ్చి తీసుకెళ్తానన్నప్పుడు తండ్రి కదా అని నోరు మూసుకున్నాను. నోరు మూసుకున్నందుకు ఏం జరిగిందో చూశాం.

దుకాణంలో సెలవు అడిగాను. వచ్చి నా పిల్లని తెచ్చుకుంటాను. మీరు అడ్డుపడొద్దు.

— మరదలు

---

ఏప్రిల్ 24

మరదలికి,

నువ్వు రాసినవన్నీ నిజమే. ఆదివారం మధ్యాహ్నం పెట్టాను. "చేదుగా ఉంది నాన్నా" అంది. ఆకుకూర ఒంటికి మంచిదన్నాను. నా మొహం చూస్తూ అంతా తినేసింది, పళ్ళెం ఎత్తి చూపించింది కూడా. కాసేపటికి మొదలైంది. దాన్ని భుజాన వేసుకుని, నేను కక్కుకుంటూ, రోడ్డుమీద పరుగెత్తాను. ఆ రాత్రంతా దానికి సెలైన్ పెట్టి ఉంచారు. డాక్టరు, ఇంకొంచెం తిని ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు. నర్సమ్మ ఊరినుంచి వచ్చి ఆ మొక్క చూసి, అది ఉల్లి కాదు, పసుపు పూలు పూసే విషపు దుంప అని చెప్పి నా వీపు తట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

నీకు రాయకపోవడం భయం వల్ల. రాస్తే నువ్వొచ్చి తీసుకెళ్తావని. చివరికి అదే అయింది.

ఇక మీ అక్క అన్న మాట. మొదట నువ్వు అబద్ధం రాశావనుకున్నాను, క్షమించు. ఎందుకంటే నాతో వేరే చెప్పింది. నువ్వు పిల్లకి అన్నం పెట్టడానికి ఇంటికి వెళ్ళినప్పుడు, నన్ను దగ్గరికి రమ్మని, "దాన్ని తెచ్చేసుకోండి. చెల్లి ఇవ్వనంటుంది, అయినా తెచ్చుకోండి. ఒక్కరే ఉంటే మీరు అన్నం కూడా వండుకోరు. అది పక్కనుంటే దానికోసమైనా బతుకుతారు" అంది. నేనూ మాటిచ్చాను.

రెండు రోజులు దీని గురించే ఆలోచించాను. లిఫ్టు గదిలో చేతిలో రెంచి పట్టుకుని అలాగే నిలబడిపోతే కుర్రవాళ్ళు పిలిచారు. మందుల మత్తులో అందేమో అనుకున్నాను. కాదు. మీ అక్కకి తెలివి చివరిదాకా ఉంది. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ మొహం చూసి, వాళ్ళకి ఏది కావాలో అదిచ్చేసింది. అడిగినవాళ్ళకి లేదనడం ఆ మనిషికి ఏనాడు చేతనైంది గనక? ఇద్దరికీ ఒకే పిల్లని ఇచ్చి తను వెళ్ళిపోయింది.

కాబట్టి నువ్వబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పడం లేదు. ఆవిడ్ని అడగడానికి లేదు.

రా. అడ్డుపడను. చూసి, నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి.

మీ బావ

---

మే 6

బావగారికి,

ఇల్లు చేరాను. చెప్పకుండా వచ్చేసినందుకు మీకు కోపం వచ్చి ఉంటుంది. దాని బట్టలు సర్దిన సంచీ మంచంమీదే ఉంది, చూసే ఉంటారు. మళ్ళీ బీరువాలో పెట్టేయండి. ఎందుకు తీసుకురాలేదో రాస్తాను.

నేను వచ్చిన పొద్దున్న మీరు వంటింటి గుమ్మంలో ఉన్నారు. అది పెరట్లో గడ్డిలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "అమ్మా" అని అరుస్తూ పరుగెత్తింది. నేను చేతులు చాపాను. సగం దూరం వచ్చి ఆగిపోయింది. తల తిప్పి మీ మొహం చూసింది. చూసి, "పిన్నీ" అంది. దానికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

మీరప్పుడు తల వంచుకున్నారు. నేను మీ మీద కోపంతో దాన్ని ఎత్తుకున్నాను. కోపం మీ ఒక్కరిమీదే కాదని తర్వాత తెలిసింది. ఇంత చిన్న పిల్ల ఏ పేరుతో పిలిస్తే ఎవరు నొచ్చుకుంటారో లెక్క చూసుకుని పిలుస్తోంది. అది మీరొక్కరు నేర్పింది కాదు, మనిద్దరం కలిసి నేర్పాం.

ఉన్నన్ని రోజులూ నన్ను చెయ్యి పట్టుకుని పెరడంతా తిప్పింది. మీరు రాసిన పూలలో కొన్ని అప్పటికే రాలిపోయాయి. తిట్లుతిన్న పువ్వు ఉండే చోటు చూపించి, "ఇంటికెళ్ళిపోయింది" అంది. గోడవారన వాడిపోతున్న పసుపు పూల దగ్గరికి తీసుకెళ్ళింది. వీటికేం పేరు పెట్టావే అని అడిగాను. "నాన్నకి తెలీదు" అంది. నాన్నకి తెలియకపోతే నువ్వే చెప్పు అన్నాను. "అదే పేరు పిన్నీ. నాన్నకి తెలీదు." ఎవరైనా ఆ పూలని చూసి మిమ్మల్ని ఏమైనా అంటారేమోనని పూలకే ఆ పేరు పెట్టేసింది.

అయినా తీసుకెళ్దామనే అనుకున్నాను. అందుకే సంచీ సర్దాను. ఆ సాయంత్రమే మీరు ఎక్కడో లిఫ్టు ఆగిపోయి ఆలస్యంగా వచ్చారు. చీకటి పడకముందే అది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను కథ చెబితే వినలేదు, పాలు తాగలేదు. "నాన్న కూడా ఆసుపత్రికి వెళ్ళాడా?" అని అడిగింది. లేదే, పనికి వెళ్ళాడు అన్నాను. "ఆవిడ కూడా ముందు కొంచెంసేపే వెళ్ళింది" అంది. ఆవిడంటే ఎవరో నేను అడగలేదు. దగ్గరికి తీసుకున్నా ఎక్కిళ్ళు తగ్గలేదు. ఇన్నేళ్ళలో నా చేతుల్లో అవి తగ్గకపోవడం అదే మొదటిసారి. మీ చెప్పుల చప్పుడు వినపడగానే తగ్గిపోయాయి.

దాన్ని మీ దగ్గర్నుంచి తీసుకొస్తే నేను దానికి తల్లిని కాను బావగారూ. దానికి ఇంకొకరిని పోగొట్టినదాన్నవుతాను.

పొద్దున్న దాన్ని బడి దగ్గర దింపాను. "సాయంత్రం నువ్వే వస్తావా" అంది. ఊఁ అన్నాను. స్టేషన్‌కి వెళ్ళిపోయాను. చెప్పి వచ్చే ధైర్యం నాకు లేదు. మీరు నన్నేమన్నా పడతాను.

రైల్లో ఎదురుగా కూర్చున్నావిడ ఎంతమంది పిల్లలమ్మా అని అడిగింది. లేరన్నాను. ఆ మాట బయటికి అనడం ఇదే మొదలు.

మీ తోడల్లుడు దాని చిన్న మంచం విప్పబోతే వద్దని అరిచాను. ఆ తర్వాత నేనే విప్పాను. మేకులు ఒక డబ్బాలో వేసి పైన పెట్టాను.

కొన్నాళ్ళు నేను రాయను. మీరు రాయండి, రాయొద్దని చెప్పలేను. జవాబు కోసం మాత్రం చూడకండి.

మీ మరదలు

---

మే 14

మరదలికి,

జవాబు అక్కర్లేదు. ఈ ఉత్తరం చదవకుండా దాచుకున్నా సరే. కానీ నువ్వు వెళ్ళిన రోజు ఏమైందో నీకు తెలియకుండా ఉండకూడదు.

బడినుంచి కబురొచ్చింది, పిల్లని తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదని. నువ్వున్నావు కదా అని నేను నింపాదిగా పని చేసుకుంటున్నాను. వెళ్ళేసరికి గేటు దగ్గర ఆయా పక్కన నిలబడి ఉంది. ఇంటికి రాగానే గదులు చూసింది. మంచం కింద చూసింది. నీ చీర ఆరేసిన తీగ దగ్గరికి వెళ్ళి చూసింది. నేను మంచంమీద సంచీ చూశాను. నాకు అర్థమైంది. సంతోషం కలగలేదు అమ్మాయ్. పిల్ల నాకు మిగిలిందని తెలిసి కూడా సంతోషం కలగలేదు.

సెలవులకి దాన్ని నీ దగ్గరికి తీసుకొస్తాను. ఈసారి నేనూ కొన్ని రోజులుంటాను, తోడల్లుణ్ణి ఒక గది సర్దమను. ఈలోగా నీకెప్పుడు వినాలనిపిస్తే అప్పుడు ఫోన్ చెయ్యి. ఏం పిలిచినా పిలవనీ. దానికి ఏ పేరు వస్తే ఆ పేరే. నా మొహం అటు తిప్పుకుని ఉంటాను.

ఆ సాయంత్రం అది పెరటి మెట్టుమీద కూర్చుంది. గడ్డి బాగా పెరిగిపోయింది, దాని మోకాళ్ళదాకా వస్తోంది. కొత్త పూలున్నాయి, లేచి చూడలేదు. నేను పక్కన కూర్చున్నాను. నా వైపు తిరగకుండానే అడిగింది.

"నాన్నా, పిన్ని వెళ్ళిపోయిందా, అమ్మ వెళ్ళిపోయిందా?"

మళ్ళీ వస్తుందని చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను. అబద్ధం రాలేదు. సగం నిజమూ రాలేదు.

"ఇద్దరూ వెళ్ళిపోయారమ్మా" అన్నాను.

నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు స్టేషన్లో ఏడ్చాక మళ్ళీ ఇదే. ఇన్ని నెలలదీ, అంతకుముందు ఆసుపత్రిలో అందరూ ష్ అంటే దిగమింగుకున్నదీ, అంతా కలిపి వీధిలోకి వినపడేలా ఏడ్చింది. నర్సమ్మ కర్ర టకటకలాడించుకుంటూ మధ్య గోడ దాకా వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

నేను ఊరుకోమనలేదు.

మీ బావ